పాత ఓడకు ఏ ఇంధనం, కొత్త ఓడకు ఏ ఇంధనం: బయోఫ్యూయల్ నుంచి అమోనియా దాకా ఒక పోలిక

గత నెలలో చెన్నై నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. నేను చీఫ్ ఇంజినీరుగా ఉన్న ఓడలోనే అతను ఫోర్త్ ఇంజినీరుగా చేరాడు. ఇప్పుడు ఒక చిన్న షిప్పింగ్ కంపెనీలో టెక్నికల్ సూపరింటెండెంటు. "అన్నా, మా ఓనరు వారం రోజుల్లో ఏదో ఒకటి తేల్చమంటున్నాడు. ఒకళ్ళు మెథనాల్ అంటున్నారు, ఒకళ్ళు అమోనియా అంటున్నారు, ఇంకొకళ్ళు ఎల్‌ఎన్‌జీ అంటున్నారు. మనకి ఏది మంచిది?" అని అడిగాడు. ఎల్‌ఎన్‌జీ అంటే బాగా చల్లబరిచి ద్రవంగా మార్చిన సహజ వాయువు.

"ముందు మీ ఓడలేమిటో చెప్పు" అన్నాను. పదహారేళ్ళ బల్క్ క్యారియర్ ఒకటి, ఇండోనేషియా, ఆస్ట్రేలియాల నుంచి మన తూర్పు తీరానికి బొగ్గు తెస్తుంది. ఐదేళ్ళది ఇంకొకటి, ఏడాదికి నాలుగైదు సార్లు యూరప్‌లోని రోటర్‌డామ్ వైపు వెళ్తుంది. విశాఖలో ఒక హార్బర్ టగ్గు, అంటే పెద్ద ఓడలను రేవులో లాగే చిన్న ఓడ. ఇవి కాక ఒక కొత్త ఓడ కోసం యార్డుతో బేరం నడుస్తోంది. నాలుగింటికీ ఒకే మందు పనిచేయదు. ఆ రోజు గంటన్నర మాట్లాడుకున్న దాన్ని, ఇదే ప్రశ్నతో తల పట్టుకుంటున్న మరికొందరికి పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

నిబంధన ఏ ఓడను ఎక్కడ పట్టుకుంటుంది

చాలామంది గంధకాన్నీ కార్బన్‌నీ ఒకే మూట కట్టేస్తారు. గంధకం సంగతి 2020 జనవరి 1నే తేలిపోయింది. అంతకుముందు ఇంధనంలో 3.50 శాతం దాకా ఉండనిచ్చిన గంధకాన్ని మార్పోల్ (ఓడల కాలుష్యంపై అంతర్జాతీయ ఒప్పందం) ఆరో అనుబంధం 0.50 శాతానికి దించింది. ఉత్తర సముద్రం, బాల్టిక్, ఉత్తర అమెరికా తీరం లాంటి నియంత్రణ ప్రాంతాల్లో అది 0.10 శాతమే. 2025 మే 1 నుంచి మధ్యధరా సముద్రం కూడా అందులో చేరింది. తక్కువ గంధకం ఉన్న ఆయిల్ కొన్నా, పొగలోని గంధకాన్ని నీళ్ళతో కడిగేసే స్క్రబ్బర్ పెట్టుకున్నా ఈ నిబంధనకు సరిపోతుంది. కానీ స్క్రబ్బర్ వల్ల కార్బన్ ఒక్క కిలో కూడా తగ్గదు, పైగా దాని పంపులు నడపడానికి కొంచెం ఎక్కువే కాలుతుంది. పొగ కడిగిన నీళ్ళను సముద్రంలోకి వదలడాన్ని ఒక్కో దేశమూ ఆపేస్తోంది, డెన్మార్క్ 2025 జూలై నుంచి తన తీర జలాల్లో ఆపేసింది. ఈ రోజుల్లో కొత్తగా స్క్రబ్బర్ పెట్టమని నేను ఎవరికీ చెప్పను.

కార్బన్ కథ వేరు. 5,000 గ్రాస్ టన్నులు (ఇది ఓడ పరిమాణపు కొలత), ఆపైన ఉన్న సరకు ఓడలకు 2023 నుంచి ఏటా సీఐఐ గ్రేడు వస్తోంది, ఎ నుంచి ఇ దాకా. సరకు మోసే పనికి ఎంత కార్బన్ వదిలిందో చెప్పే కొలత అది. 2019తో పోలిస్తే 2023లో 5 శాతం మెరుగుపడాలి, 2026కి 11 శాతం. వరుసగా మూడేళ్ళు డి వచ్చినా, ఒక్క ఏడాది ఇ వచ్చినా దిద్దుబాటు ప్లాన్ రాసివ్వాలి. జరిమానా లేదు కదా అని తేలిగ్గా తీసుకోకండి. ఓడను అద్దెకు తీసుకునేవాళ్ళు ఇప్పుడు ఆ గ్రేడు చూసే రేటు మాట్లాడుతున్నారు.

యూరప్ రేవుల్లో అడుగుపెడితే నేరుగా డబ్బు లెక్కే. అక్కడి కార్బన్ మార్కెట్‌లోకి ఓడలు 2024లో వచ్చాయి. ఆ ఏడాది ఉద్గారాల్లో 40 శాతానికి, 2025వి 70 శాతానికి, 2026 నుంచి మొత్తానికి పర్మిట్లు కొనాలి. బయటి దేశం నుంచి యూరప్‌కి వచ్చే ప్రయాణమైతే అందులో సగమే లెక్కలోకి తీసుకుంటారు. దీనికి తోడు 2025 జనవరి నుంచి ఫ్యూయల్‌ఈయూ అనే నిబంధన ఉంది. ఇది ఎంత కాల్చావని అడగదు, కాల్చినది ఎంత మురికిదని అడుగుతుంది. మెగాజౌల్ శక్తికి 91.16 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ సమానాన్ని ఆధారంగా పెట్టి, మొదట 2 శాతం, 2030కి 6, 2035కి 14.5, చివరికి 2050కి 80 శాతం తగ్గించమంటుంది. అంటే ఇప్పటి హద్దు 89.34. మామూలు తక్కువ గంధకం ఆయిల్ 91 దాటుతుంది కాబట్టి, ఏ మార్పూ చేయని ఓడ మొదటి ఏడాదే లోటులో పడింది. ఆ లోటును ఆయిల్ టన్నుల్లోకి మార్చి, టన్నుకు 2,400 యూరోలు వసూలు చేస్తారు.

ప్రపంచమంతటికీ వర్తించే కార్బన్ ధర మాత్రం ఇంకా గాల్లోనే ఉంది. అంతర్జాతీయ సముద్ర సంస్థ, అంటే ఐఎంఓ, 2050 ప్రాంతానికి నికర సున్నా అని 2023 జూలైలో తీర్మానించింది. దాన్ని అమలుచేసే చట్రాన్ని 2025 ఏప్రిల్‌లో ఆమోదించింది, కానీ అక్టోబరులో తుది ఓటును ఏడాది వాయిదా వేసింది. ఆ వార్త చూసి ఊపిరి పీల్చుకున్న ఓనర్లు ఉన్నారు. పాత ఓడ విషయంలో అది కొంత నిజమే. ఇవాళ యార్డులో కట్టడం మొదలుపెట్టే ఓడ మాత్రం 2050 దాకా బతకాలి, దానికి ఏడాది వాయిదా ఒక లెక్క కాదు.

తమ్ముడి ఓడల మీదికి వస్తే, పదహారేళ్ళ ముసలిదానికి ఇప్పుడున్నది సీఐఐ బెడద ఒక్కటే. రోటర్‌డామ్ వెళ్ళేదానికి జేబుకు చిల్లు పడుతుంది. టగ్గు 5,000 టన్నులకు ఎంతో తక్కువ, దాన్ని ఈ కార్బన్ నిబంధనలేవీ తాకవు. కొత్త ఓడకు అన్నీ వర్తిస్తాయి.

పొగగొట్టం దగ్గర కొలిస్తే మోసపోతాం

ఇంధనాలను పోల్చేటప్పుడు నేను మొదట చూసేది అది ఎక్కడ, దేంతో తయారైందన్నది. అమోనియాలో కార్బన్ అణువే లేదని బ్రోచర్లలో పెద్ద అక్షరాలతో వేస్తారు. నిజమే. కానీ ఇప్పుడు బజారులో దొరికే అమోనియా దాదాపు అంతా సహజ వాయువు నుంచో, బొగ్గు నుంచో చేసినదే. సహజ వాయువుతో చేసిన అమోనియాకు యూరప్ లెక్కల్లో తయారీకే మెగాజౌల్‌కు 121 గ్రాములు వేశారు. ఇంజిన్‌లోకి చేరకముందే అది మన నల్లటి ఆయిల్‌ను దాటేసింది. సహజ వాయువుతో చేసిన మెథనాల్ తయారీ, కాల్చడం రెండూ కలిపి 100 దాటుతుంది. వాడేసిన వంట నూనెతో చేసిన బయోడీజిల్ మాత్రం 15 దగ్గరే ఉంటుంది. బంకర్ (ఓడకు పోసే ఇంధనం) ఇచ్చేవాడు "గ్రీన్ సార్" అంటే, పుట్టుపూర్వోత్తరాల కాగితం చూపించమని అడగండి. ఆ సర్టిఫికెట్ లేని బయోఫ్యూయల్‌ను ఐఎంఓ, యూరప్ రెండూ మామూలు ఆయిల్ కిందే లెక్కేస్తాయి.

రెండోది చోటు. డీజిల్ ఒక ట్యాంకు ఇచ్చే శక్తి మెథనాల్‌తో రావాలంటే సుమారు 2.3 ట్యాంకులు కావాలి, అమోనియాతో 2.8, ద్రవ హైడ్రోజన్‌తో నాలుగుకు పైన. ఎల్‌ఎన్‌జీకి ద్రవం లెక్కన 1.7 చాలు, కానీ మైనస్ 162 డిగ్రీల దగ్గర ఉంచే ట్యాంకు గోడలు, చుట్టూ వదలాల్సిన ఖాళీ కలిపితే రెండింతలు అనుకోవాలి. సరకు మోసే చోటులోంచే ఇది పోతుంది. ఆస్ట్రేలియా నుంచి ఒకే బంకర్‌తో వచ్చే బల్క్ క్యారియర్‌కు, నాలుగు రోజులకో రేవు తగిలే ఫీడర్ ఓడకు (దగ్గరి రేవుల మధ్య తిరిగే చిన్న కంటెయినర్ ఓడ) ఇక్కడే తేడా వస్తుంది.

బయోఫ్యూయల్: ఉన్న ఓడకు ఉన్నంతలో మంచి దారి

ఇంజిన్ మార్చకుండా, యార్డుకు వెళ్ళకుండా వాడగలిగేది ఇదొక్కటే. మామూలు ఆయిల్‌లో 24 శాతం, 30 శాతం బయోడీజిల్ కలిపి అమ్ముతారు, బీ24, బీ30 అంటారు. వంట నూనె బయోడీజిల్‌తో చేసిన బీ30 లెక్క మెగాజౌల్‌కు 70 గ్రాముల దగ్గరికి వస్తుంది. ఫ్యూయల్‌ఈయూ హద్దు 89.34 అయినప్పుడు ఇది బాగా మిగులు. ఆ మిగులును కంపెనీలోని వేరే ఓడల లోటుకు సర్దుకోవచ్చు, ఇంకో కంపెనీతో ఒప్పందం చేసుకొని వాళ్ళకీ ఇవ్వొచ్చు. అన్ని ఓడల్లో కొంచెం కొంచెం పోయడం కంటే, నమ్మకమైన సరఫరా ఉన్న రేవులో ఒక్క ఓడకు పోసి లెక్క సరిచేసుకోవడం తేలిక. 30 శాతం దాకా అయితే నైట్రోజన్ ఆక్సైడ్ల విషయంలోనూ మామూలు ఆయిల్ లాగానే చూస్తారు, వేరే పరీక్షలు అక్కర్లేదు.

ఇప్పుడు కష్టాల గురించి. నేను ఓడలో ఉండగా చేసిన మొదటి ట్రయల్ చెప్తాను. ముందు ఒక్క జనరేటర్‌కే బీ30 ఇచ్చాం. మొదటి రోజు ఏ తేడా లేదు, ఎగ్జాస్ట్ టెంపరేచర్లు చెక్కుచెదరలేదు. రెండో రోజు రాత్రి పదకొండున్నరకు ఫిల్టర్ అలారం మోగింది. ఫిల్టరుకు ఇటు అటు ప్రెషర్ తేడా పెరిగిపోతోంది. విప్పి చూస్తే జల్లెడ నిండా గానుగ మడ్డిలాంటి నల్లటి జిగురు. మార్చాం. గంటన్నరకు మళ్ళీ అలారం. తెల్లారేసరికి ఆరు సార్లు విప్పి కడిగాం. సెకండ్ ఇంజినీరు "ఇదేం దరిద్రపు ఆయిల్ సార్" అని తిట్టుకున్నాడు. తప్పు ఆయిల్‌ది కాదు. బయోడీజిల్‌కు సబ్బులాంటి గుణం ఉంది, పదేళ్ళుగా ట్యాంకు గోడలకూ పైపులకూ పట్టిన పాత మడ్డిని అది కడిగి తెచ్చి ఫిల్టరులో పోసింది. ట్రయల్‌కు ముందు ట్యాంకు కడగాలని మేము అడిగాం, అది దండగ ఖర్చని ఆఫీసు వద్దంది. ఆ రాత్రి గాలివాన ఉండి, మెయిన్ ఇంజిన్‌కు కూడా అదే ఆయిల్ ఇచ్చి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

ఇంకో సంగతి. బయోడీజిల్ నీళ్ళను పట్టుకుంటుంది. నీళ్ళు, నూనె కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి నాచులాంటి పొర కడుతుంది. అందుకే మూడు నెలలకు మించి నిల్వ పెట్టొద్దు, సెటిలింగ్ ట్యాంకు అడుగున నీళ్ళు రోజూ వదలాలి. నెలల తరబడి కదలకుండా ఉండే లైఫ్‌బోట్ ఇంజిన్లకూ ఎమర్జెన్సీ జనరేటర్‌కూ దీన్ని పోయనే పోయొద్దు. అవి స్టార్ట్ కావాల్సిన రోజున స్టార్ట్ కాకపోతే మనుషుల ప్రాణాలు పోతాయి.

కల్తీ భయం కూడా ఉంది. 2022 మొదట్లో సింగపూర్‌లో క్లోరిన్ కలిసిన రసాయనాలున్న ఆయిల్ సుమారు 200 ఓడలకు చేరింది, వాటిలో 80 దాకా ఓడలు ఇంజిన్, పంపు సమస్యలు ఎదుర్కొన్నాయి. మామూలు ఐఎస్‌ఓ 8217 (ఓడ ఇంధన నాణ్యతా ప్రమాణం) పరీక్షల్లో అది బయటపడలేదు. బయో మిశ్రమాల్లో కల్తీ ఇంకో రూపంలో వస్తుంది, అందులో ఒకటి మన శ్రీకాకుళం వాళ్ళకు బాగా తెలిసినదే: జీడిపిక్కల పెంకు నూనె. పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళ వేళ్ళు చూడండి, ఆ జీడి తగిలిన చోట చర్మం నల్లబడి, కాలి, పొరలూడిపోయి ఉంటుంది. ఆ నూనె చవక, మొక్క నుంచి వచ్చింది కాబట్టి బయో అనే పేరూ ఉంది. దాన్ని ఆయిల్‌లో కలిపి అమ్మిన సందర్భాలున్నాయి. చర్మాన్ని అలా చేసేది ఇంజెక్టరును ఊరికే వదలదు: ఫిల్టర్లు మూసుకుపోతాయి, ఇంజెక్టర్లు చెడతాయి, టర్బోచార్జర్ నాజిల్ రింగు తినేసినట్టవుతుంది. కాబట్టి బయో మిశ్రమం కొన్నప్పుడు మామూలు రిపోర్టుతో సరిపెట్టుకోకుండా, ఆయిల్‌లో ఏ ఏ రసాయనాలున్నాయో విడదీసి చూపే గ్యాస్ క్రొమాటోగ్రఫీ పరీక్ష కూడా చేయించండి. ఒక ఇంజిన్ రిపేరుతో పోలిస్తే ఆ ఫీజు ఎంత?

ఎల్‌ఎన్‌జీ: ఏ ఇంజిన్ అన్నదే అసలు ప్రశ్న

కాల్చిన చోట ఎల్‌ఎన్‌జీ నుంచి కార్బన్ డయాక్సైడ్ నాలుగో వంతు దాకా తక్కువ వస్తుంది, గంధకం, మసి దాదాపు ఉండవు. దొరికే రేవులు ఎక్కువ, దాంతో పనిచేసిన సిబ్బందీ ఎక్కువే. ఇవన్నీ నిజమైన లాభాలు. కానీ మండకుండా ఇంజిన్ దాటి పొగగొట్టంలోంచి పోయే మీథేన్ ఉంది చూశారా, అది వందేళ్ళ లెక్కన కార్బన్ డయాక్సైడ్‌కు 28 నుంచి 30 రెట్లు, ఇరవై ఏళ్ళ లెక్కన 80 రెట్లకు పైగా వేడి పెంచుతుంది.

ఎంత జారిపోతుందన్నది ఇంజిన్ రకాన్ని బట్టి ఉంటుంది. యూరప్ పెట్టుకున్న సగటు అంకెల్లో హై ప్రెషర్‌తో గ్యాస్‌ను చిమ్మే స్లో స్పీడ్ ఇంజిన్‌కు 0.2 శాతం, లో ప్రెషర్ స్లో స్పీడ్‌కు 1.7, నాలుగు స్ట్రోకుల మీడియం స్పీడ్‌కు 3.1. తయారీతో కలిపి లెక్క వేస్తే మొదటిది 76 గ్రాముల దగ్గర, చివరిది 89 దగ్గర తేలుతుంది. ఆయిల్ 91. అంత ఖర్చు పెట్టి, అంత చలి ట్యాంకు మోసి, రెండు గ్రాములు మిగుల్చుకోవడానికా? ఎల్‌ఎన్‌జీ తీసుకుంటే హై ప్రెషర్ ఇంజినే తీసుకోండి. కంప్రెసర్లు, పంపుల మెయింటెనెన్స్ ఎక్కువే, అయినా సరే. జనరేటర్లను మర్చిపోకండి, మెయిన్ ఇంజిన్ ఎంత మంచిదైనా పక్కన నాలుగు స్ట్రోకుల జనరేటర్లు గ్యాస్‌తో నడుస్తుంటే మీథేన్ అక్కడి నుంచి పోతూనే ఉంటుంది.

మెథనాల్, అమోనియా: ఒకటి తెలిసిన ప్రమాదం, ఇంకొకటి కొత్త ప్రమాదం

మెథనాల్ గురించి నాకు నమ్మకం కలగడానికి కారణం అది మామూలు ఉష్ణోగ్రతలో ద్రవంగా ఉండడం. 65 డిగ్రీల దాకా మరగదు. సరైన పూత వేస్తే ఓడ అడుగు ట్యాంకుల్లోనే పోసుకోవచ్చు. అనుభవమూ ఉంది: గోథెన్‌బర్గ్, కీల్ మధ్య తిరిగే స్టెనా జర్మానికా ఫెర్రీ 2015 నుంచి మెథనాల్ వాడుతోంది. మెథనాల్ మోసే ట్యాంకర్లు 2016 నుంచి తమ సరకునే కాలుస్తున్నాయి. 2023లో లారా మేర్స్క్ అనే చిన్న కంటెయినర్ ఓడ కొరియాలోని ఉల్సాన్ నుంచి కోపెన్‌హాగెన్ దాకా గ్రీన్ మెథనాల్‌తో వచ్చింది, దారిలో సింగపూర్‌లో బంకర్ తీసుకుంది. ఆ మరుసటి ఏడాది 16,000 కంటెయినర్ల పెద్ద ఓడలు కూడా వచ్చాయి.

ప్రమాదం లేదని కాదు. కల్తీ సారా తాగి చూపు పోయినవాళ్ళ వార్తలు మనం ఎన్ని చదవలేదు? ఆ చూపు తీసేది మెథనాలే. చర్మం ద్వారా కూడా లోపలికి వెళ్తుంది. 11, 12 డిగ్రీల దగ్గరే ఆవిరి అంటుకుంటుంది, పగటి వెలుతురులో మంట కంటికి ఆనదు. నాలుగింట మూడొంతులు నీళ్ళు కలిసినా ఇంకా మండగలదు, అందుకే ఆల్కహాల్‌ను తట్టుకునే ఫోమ్ కావాలి, మంట కనిపెట్టే ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలు కావాలి. ఇవన్నీ కొనగలిగినవీ నేర్చుకోగలిగినవే. అసలు ఇబ్బంది గ్రీన్ మెథనాల్ దొరకడం. 2025లో డెన్మార్క్‌లోని కాసోలో తెరిచిన ఈ-మెథనాల్ (పునరుత్పాదక కరెంటుతో చేసే మెథనాల్) ప్లాంటు ఏడాదికి 42,000 టన్నులు చేస్తుంది. వినడానికి పెద్ద అంకెలా ఉంటుంది, కానీ మెథనాల్ టన్ను ఆయిల్‌లో సగం శక్తే ఇస్తుంది. ఏడాదికి 10,000 టన్నుల ఆయిల్ కాల్చే రెండు ఓడలకు ఆ ప్లాంటు మొత్తం ఉత్పత్తి సరిపోతుంది.

అమోనియా దగ్గర నాకు భయం ఉంది, ఆశ కూడా ఉంది. రెండూ మన తీరంలోనే కనిపిస్తాయి. విశాఖ ఫిషింగ్ హార్బరు చుట్టుపక్కల ఐస్ ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్ళను అడగండి, ముక్కుకు సూదుల్లా గుచ్చుకునే ఆ వాసన ఎలా ఉంటుందో చెప్తారు. గాల్లో పది లక్షల వంతుల్లో 300 వంతులు ఉంటే చాలు, ప్రాణాపాయం. 2020 మేలో ఆర్.ఆర్.వెంకటాపురంలో తెల్లవారుజామున స్టైరీన్ ఆవిరి ఇళ్ళ మీదికి పాకినప్పుడు ఏం జరిగిందో విశాఖ మర్చిపోలేదు. అది వేరే రసాయనం, కానీ జనం నడుమ ఉన్న రేవులో విష వాయువు అన్నప్పుడు నా కళ్ళ ముందుకు వచ్చేది ఆ ఉదయమే. ఓడలో అయితే పారిపోవడానికి ఊరు కూడా ఉండదు.

ఆశ ఏమిటంటే ట్రయల్స్ చేసినవాళ్ళు జాగ్రత్తగా చేశారు. 2024లో సింగపూర్‌లో ఫోర్టెస్క్యూ గ్రీన్ పయనీర్ అనే ఓడ డీజిల్‌తో కలిపి అమోనియా కాల్చింది. అందుకోసం జురాంగ్ దీవిలో ఎక్కించుకున్న ద్రవ అమోనియా సుమారు 3 టన్నులే, దానికే ఏడు వారాలు పరీక్షలు జరిగాయి. జపాన్‌లో సాకిగాకే అనే టగ్గు, అంతకుముందు ఎల్‌ఎన్‌జీతో నడిచినది, 2024 ఆగస్టులో అమోనియా టగ్గుగా మారి మూడు నెలలు టోక్యో అఖాతంలో ఓడలను లాగింది. గ్రీన్‌హౌస్ వాయువులు 95 శాతం దాకా తగ్గాయని నడిపినవాళ్ళు ప్రకటించారు. ఈ అంకెలో నన్ను ఆకట్టుకున్నది నైట్రస్ ఆక్సైడ్‌ను అదుపు చేయగలగడం. అది కార్బన్ డయాక్సైడ్‌కు 270 రెట్లు చెడ్డది. అమోనియా సరిగ్గా కాలకపోతే అదే పుడుతుంది, కొంచెం పుట్టినా లాభమంతా బూడిదలో పోసినట్టే. అమోనియా ఇంధనంగా వాడే ఓడలకు ఐఎంఓ తాత్కాలిక మార్గదర్శకాలు 2024 డిసెంబరులో వచ్చాయి.

మన వైపు సరఫరా కూడా మొదలవుతోంది. కాకినాడలో ఏఎం గ్రీన్ సంస్థ ఏడాదికి 10 లక్షల టన్నుల గ్రీన్ అమోనియా ప్లాంటుకు 2024లో తుది పెట్టుబడి నిర్ణయం తీసుకుంది. అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్‌టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది, అక్కడ మెథనాల్ కూడా చేయాలన్నది ప్లాన్. ఇవి ఎగుమతి మొదలుపెట్టిన రోజున ఆ సరకు మోసే గ్యాస్ క్యారియర్లు అదే అమోనియాను కాల్చుకోవడం సహజం, సిబ్బందికి దాన్ని ముట్టుకోవడం ముందే వచ్చు. బొగ్గు మోసే బల్క్ క్యారియర్‌లో ఇరవై మంది సిబ్బందిని ఈ గ్యాస్ పక్కన పడుకోబెట్టడానికి మాత్రం నేను ఇప్పుడు ఒప్పుకోను.

హైడ్రోజన్ గురించి రెండు ముక్కలు చాలు. నార్వేలో ఎంఎఫ్ హైడ్రా ఫెర్రీ 2023 నుంచి మైనస్ 253 డిగ్రీల ద్రవ హైడ్రోజన్‌తో నడుస్తోంది, కొచ్చిన్ షిప్‌యార్డు కట్టిన ఫ్యూయల్ సెల్ పడవను ప్రధాని 2024 ఫిబ్రవరిలో ప్రారంభించారు. దగ్గరి దూరాలకు, తిరిగి అదే జెట్టీకి వచ్చే పడవలకు అది బాగుంటుంది. దూరం పోయే సరకు ఓడకు కాదు.

నాలుగు ఓడలకు నేను చెప్పింది

అన్నిటికంటే ముందు టగ్గు సంగతి తేల్చేశాం. టగ్గు రోజులో ఎక్కువసేపు ఊరికే నిలబడి, పది ఇరవై నిమిషాలు ఒంట్లో శక్తంతా పెట్టి లాగుతుంది. బ్యాటరీకి ఇంతకంటే అనువైన పని లేదు. కొచ్చి వాటర్ మెట్రో 2023 నుంచి విద్యుత్ పడవలు నడుపుతోంది. కేంద్రం 2024లో మొదలుపెట్టిన గ్రీన్ టగ్ కార్యక్రమం మొదటి విడత రేవుల్లో ముంబయి దగ్గరి జేఎన్‌పీఏ, కాండ్లా, పారదీప్, తూత్తుకుడి ఉన్నాయి, విశాఖ లేదు. కాబట్టి ఉన్న టగ్గును ఇప్పుడే మార్చొద్దు, జెట్టీ దగ్గర కరెంటు కనెక్షన్ తీసుకొని నిలబడినప్పుడు జనరేటర్ ఆపమన్నాను. దాన్ని మార్చే రోజున బ్యాటరీ తీసుకోవాలి.

పదహారేళ్ళ ఓడకు కొత్త ఇంధన వ్యవస్థ మీద రూపాయి కూడా పెట్టొద్దన్నాను. స్పీడు తగ్గించడం, అడుగు కడిగించడం, నాచు, నత్తలు పట్టనివ్వని మంచి యాంటీఫౌలింగ్ పెయింట్, ప్రొపెల్లర్ పాలిష్: ఇవే దానికి ఇంధనం. గ్రేడు డి నుంచి సి కి రావడానికి అప్పుడప్పుడు సర్టిఫికెట్ ఉన్న బీ24 చాలు. ఐదేళ్ళ ఓడకు రోటర్‌డామ్ ట్రిప్పుల్లో బీ30, వచ్చే మిగులును అమ్ముకోవడం.

కొత్త ఓడ దగ్గర ఇద్దరం వాదించుకున్నాం. అతని మనసు ఎల్‌ఎన్‌జీ మీద ఉంది. నేను మెథనాల్ డ్యూయల్ ఫ్యూయల్, అంటే మెథనాల్‌తోనూ ఆయిల్‌తోనూ నడిచే ఇంజిన్ అన్నాను, అదీ ఒక షరతుతో: సరకు యజమాని పదేళ్ళ చార్టర్ (ఓడ అద్దె ఒప్పందం) ఇచ్చి, గ్రీన్ మెథనాల్ ధరలో వాటా తీసుకుంటానంటేనే. అలాంటివాడు దొరక్కపోతే మామూలు ఇంజినే పెట్టి, తర్వాత మార్చుకునేలా ట్యాంకు చోటు, పైపుల దారి, డెక్కు బలం ఇప్పుడే డిజైన్‌లో పెట్టించుకోవాలి. "మెథనాల్ రెడీ" అని యార్డు కాగితం మీద రాసిస్తే చాలదు, ఏ ట్యాంకు, ఏ పూత, ఎన్ని క్యూబిక్ మీటర్లు అని డ్రాయింగ్ మీద చూపించాలి. యార్డు వాళ్ళ నోట ఆ మాట తేలిగ్గా వస్తుంది.

ట్రయల్ ఎలా మొదలుపెట్టాలి

ముందు పాత ఆయిల్‌తోనే రెండు వారాలు రీడింగులు తీసుకోండి, లేకపోతే దేనితో పోలుస్తారు? లోడు, ఎగ్జాస్ట్ టెంపరేచర్లు, సిలిండర్ పీక్ ప్రెషర్లు, ఫిల్టర్ ప్రెషర్ తేడా, ఆయిల్ శుభ్రం చేసే ప్యూరిఫయర్ నుంచి మడ్డి ఎంత వస్తోంది, అన్నీ. స్కావెంజ్ పోర్టులోంచి (సిలిండర్‌లోకి గాలి వెళ్ళే కంత) పిస్టన్ రింగుల ఫోటోలు. నైట్రైల్ రబ్బరు సీళ్ళు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసుకోండి, బయోడీజిల్‌కు అవి ఉబ్బుతాయి. బంకర్ తీసుకునేటప్పుడు చివర్లో ఒక సీసా నింపడం కాదు, మొదటి నిమిషం నుంచి చివరి దాకా మానిఫోల్డ్ (ఆయిల్ ఓడలోకి ఎక్కే పైపు మూతి) దగ్గర చుక్క చుక్క పడే శాంపిల్ కావాలి.

తర్వాత ఒక్క జనరేటర్‌కు మాత్రమే ఇవ్వాలి. వాడకం పెరిగిందని కంగారు పడొద్దు. బయోడీజిల్ కిలోకు 37 మెగాజౌళ్ళే ఇస్తుంది, డీజిల్ 42కు పైన. టన్నుల్లో చూస్తే ఇంజిన్ చెడిపోయినట్టు కనిపిస్తుంది. శక్తిలోకి మార్చి చూస్తే తేడా ఉండదు. ఈ లెక్క వేయకుండా మంచి ఇంధనాన్ని వద్దని రిపోర్టు రాసిన ఆఫీసులను చూశాను. ఒక జనరేటర్ 200 గంటలు ఇబ్బంది లేకుండా నడిచాకే మెయిన్ ఇంజిన్. అది కూడా తెరిచిన సముద్రంలో, పగటి పూట, పాత ఆయిల్ సర్వీస్ ట్యాంకు పక్కనే సిద్ధంగా ఉంచుకొని. పైలట్ ఎక్కాక, కాలువల్లో, రేవులోకి వెళ్ళేటప్పుడు ఇంధనం మార్చే ప్రయోగం చేయొద్దు.

నిన్న సాయంత్రం తమ్ముడు మళ్ళీ ఫోన్ చేశాడు. ఐదేళ్ళ ఓడలో రెండో నంబర్ ట్యాంకు ఖాళీ చేసి, గ్యాస్ చెక్ చేసుకొని మనుషులు దిగారట. "ఐదేళ్ళ ఓడే కదా, శుభ్రంగా ఉంటుందనుకున్నా అన్నా. మూలల్లో రెండంగుళాల మడ్డి ఉంది" అన్నాడు. ఎన్ని రోజులు పడుతుందని అడిగాను. నాలుగు అన్నాడు. సింగపూర్‌లో బీ30 ఆర్డరును అయిదో రోజుకు మార్చుకోమన్నాను.